కొంత డేటా తరలింపు

ఎడ్గర్ కాడ్ 1970లో ప్రతిపాదించిన రిలేషనల్ నమూనాలో టేబుళ్లు విలువల ద్వారానే పరస్పరం ముడిపడి ఉంటాయి. ఉదాహరణకు, ఆర్డర్ల టేబుల్‌లోని ప్రతి వరుసా ఫారిన్ కీ ద్వారా, అంటే మరో టేబుల్‌లోని వరుసను సూచించే విలువ ద్వారా, ఒక కస్టమర్‌ను ఆశ్రయించి ఉంటుంది. కనుక ఒక్క ఏడాది ఆర్డర్లనే తరలించదలచినా, వాటికి సంబంధించిన కస్టమర్లను ముందుగా చేర్చనిదే కొత్త డేటాబేస్ వాటిని స్వీకరించదు, స్వీకరించకపోవడమే సరైనది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో కావలసిన వరుసలను క్వెరీతో ఎంచి, కాపీ కమాండ్‌తో ఫైలులోకి తీయవచ్చు.

ఫారిన్ కీ కంటే ప్రమాదకరమైనది సీక్వెన్స్, అంటే తదుపరి గుర్తింపు సంఖ్యను అందించే లెక్క. తమ పాత సంఖ్యలతో సహా వరుసలు చేరినంత మాత్రాన అది ముందుకు జరగదు. తరలివచ్చిన ఆర్డర్ల సంఖ్యలు 50,001తో మొదలైతే, 1 నుంచి లెక్కించే కొత్త డేటాబేస్ చాలాకాలం సాఫీగానే నడిచి, ఆ సంఖ్యకు చేరిన రోజున, తరలింపు సంగతి అందరూ మరచిపోయాక, కొత్త ఆర్డర్‌ను తిరస్కరిస్తుంది.