ముంగిలి మొదలు మనస్సు వరకు

తూర్పున వెలుగురేక పొడచూపకముందే జూబ్లీహిల్స్ మేల్కొంటుంది. కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానం ద్వారం దగ్గరకు ఉదయపు నడకకై వచ్చేవారు ఒక్కరొక్కరుగా చేరుకొంటారు. 1998లో జాతీయ ఉద్యానంగా ప్రకటితమైన ఆ వనం వైశాల్యం సుమారు 390 ఎకరాలు. వెలుపల ఎంత వాహనాల రొద ఉన్నా లోపల నెమళ్ళ కేకలు, ఎండుటాకుల గలగలలు వినవస్తాయి. వైద్యుడు చెప్పగా వచ్చినవారు కొందరు. మరునాటి చిత్రీకరణకు దేహం తేలికపడాలని వచ్చినవారు మరికొందరు. సరిగా అదే సమయంలో ఉద్యానం వెలుపలి రహదారిపై పారిశుద్ధ్య కార్మికురాళ్ళు పొడుగాటి చీపుళ్ళతో నిన్నటి చెత్తను ఊడుస్తూ ఉంటారు. లోపలివారు తమ దేహాన్ని శుభ్రపరచుకొంటున్నారు. వెలుపలివారు అందరి నగరాన్ని శుభ్రపరుస్తున్నారు. ఈ రెండు పనులకూ ఉన్న చుట్టరికం గ్రహించిననాడే శుద్ధి అనే మాటకు పూర్తి అర్థం బోధపడుతుంది.

మద్రాసులో పెరిగిన తెలుగు చిత్రపరిశ్రమ క్రమంగా హైదరాబాదుకు తరలివచ్చి ఈ కొండలమీద స్థిరపడింది. అన్నపూర్ణ, పద్మాలయ, రామానాయుడు స్టూడియోలు వెలిశాయి. ఫిలింనగర్ అన్న పేరే ఒక వృత్తికి మారుపేరయింది. ముఖమే మూలధనమైన చోట దేహం మీద శ్రద్ధ పెరగడం సహజం. అందువల్ల ఇక్కడి వీథుల్లో వ్యాయామశాలలు, యోగాభ్యాస కేంద్రాలు, మర్దన మందిరాలు, 'డిటాక్స్' పేరిట పండ్లరసాలు అమ్మే అంగళ్ళు అడుగడుగునా కనిపిస్తాయి. ఇంట్లోని వస్తువులను సర్దిపెట్టడానికి సైతం నిపుణులు దొరుకుతారు. అయితే శుద్ధి అనేది వెలకట్టి కొనదగిన వస్తువా, లేక ఎవరికి వారు చేసుకోవలసిన పనియా అన్నది ఆలోచింపదగిన ప్రశ్న.

ఈ ప్రశ్న కొత్తది కాదు. పతంజలి చెప్పిన అష్టాంగయోగంలో నియమాలు ఐదు: శౌచం, సంతోషం, తపస్సు, స్వాధ్యాయం, ఈశ్వరప్రణిధానం. వీటిలో మొదటిదైన శౌచాన్ని వ్యాఖ్యాతలు బాహ్యమనీ, ఆభ్యంతరమనీ రెండు విధాలుగా వివరించారు. మట్టితో, నీటితో, శుచియైన ఆహారంతో కలిగేది బాహ్యశౌచం. మనసులోని మాలిన్యాన్ని కడుక్కోవడం ఆభ్యంతర శౌచం. శౌచం వెనువెంటనే సంతోషాన్ని పేర్కొనడంలో ఒక ఔచిత్యం కనిపిస్తుంది. శుభ్రపడిన మనిషి ముఖంలో తృప్తి కానరాకపోతే ఆ శుద్ధిలో ఏదో లోపమున్నదనే అనుకోవాలి.

తెలుగువారి నిత్యజీవితంలో ఈ శౌచం పండుగగా, పనిగా, అలవాటుగా కలిసిపోయింది. తెల్లవారగానే ముంగిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు తీర్చడం ఇంటికి తొలి సంస్కారం. సంక్రాంతికి ముందు గోడలకు సున్నం వేయడం, అటకమీది సామాను దింపి దులపడం, పనికిరాని వస్తువులను భోగిమంటలో వేయడం ఏడాదికొకసారి జరిగే గృహశుద్ధి. నువ్వులనూనె మర్దించి, సున్నిపిండితో నలుగు పెట్టి, కుంకుడుకాయల రసంతో తలంటి, సాంబ్రాణి పొగ వేయడం దేహశుద్ధి. ఏకాదశినాటి ఉపవాసం జీర్ణకోశానికి విశ్రాంతి. లంఖణం పరమౌషధమన్న సామెత ఆ అనుభవంలోనుంచి పుట్టింది. వీటిలో ఏ ఒక్కదానికీ పెద్ద ఖర్చు లేదు. కావలసినవల్లా కాస్త తీరిక, ఓపిక, ఒంగే నడుము.

దేహశుద్ధిని ఒక వైద్యవిధానంగా ఆధునిక కాలంలో భారతదేశానికి పరిచయం చేసిన ఘనతలో తెలుగుకు అగ్రభాగమున్నది. జర్మనీ దేశస్థుడైన లూయీ కూనే రచించిన ప్రకృతి చికిత్సా గ్రంథాన్ని వేంకటచలపతి శర్మ 1894లో తెలుగులోకి అనువదించారు. హిందీ, ఉర్దూ అనువాదాలు ఆ తరువాతివే. తొట్టిస్నానాలు, మాంసరహితమైన సాదా ఆహారం కూనే పద్ధతికి ముఖ్యాంగాలు. గాంధీజీ ఈ మార్గాన్ని అభిమానించి, 1946లో పుణె సమీపంలోని ఉరుళీ కాంచన్‌లో ప్రకృతి చికిత్సాశ్రమాన్ని నెలకొల్పారు. హైదరాబాదు అమీర్‌పేటలోని ప్రభుత్వ ప్రకృతి చికిత్సాలయం, అక్కడి గాంధీ ప్రకృతి వైద్య కళాశాల ఆ పరంపరకు చెందినవే.

అయితే శరీరంలో పేరుకొన్న మలినపదార్థమే సర్వరోగాలకూ మూలమని కూనే తలచాడు. ఈ అభిప్రాయాన్ని వైద్యశాస్త్రం అంగీకరించదు. సూక్ష్మజీవులవల్ల, వంశపారంపర్యంగా, పోషకాహార లోపంవల్ల వచ్చే వ్యాధులు అనేకం. అంతేకాక, దేహంలోనే గొప్ప శుద్ధియంత్రాంగం అహర్నిశలు పనిచేస్తూ ఉంటుంది. పిడికిలంత ఉండే మూత్రపిండాలు రెండూ కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగడతాయి. అందులో శరీరానికి కావలసినదంతా తిరిగి రక్తంలో చేర్చి, దాదాపు ఒకటిన్నర లీటరును మాత్రమే మూత్రరూపంలో విసర్జిస్తాయి. కిలోన్నర బరువున్న కాలేయం మద్యాన్ని, మందులను, ఇతర విషపదార్థాలను విడగొడుతుంది. ఊపిరితిత్తులు బొగ్గుపులుసు వాయువును వెలుపలికి పంపుతాయి. ఈ పనిని ఏ అంగడిలోని సీసా రసమూ చేయజాలదు. మనిషి చేయగలిగినదల్లా ఆ అవయవాలకు అడ్డు తగలకుండా ఉండడమే. తగినంత నీరు, మితమైన భోజనం, నడక, వేళకు నిద్ర, పొగాకుకూ మద్యానికీ దూరంగా ఉండడం అందుకు చాలు. వైద్యుని సలహా లేకుండా రోజుల తరబడి చేసే ఉపవాసాలు, ధౌతి, బస్తి వంటి హఠయోగ క్రియలను గురువు లేకుండా అనుకరించడం మేలుకు బదులు కీడు చేస్తాయి.

ఈ నిగ్రహానికి చిత్రసీమలోనే ఒక నిదర్శనమున్నది. కృష్ణాజిల్లాలోని రైతు కుటుంబంలో జన్మించి, నాటకాలలో స్త్రీపాత్రలు ధరించి పేరుపొందిన అక్కినేని నాగేశ్వరరావుకు 1974లో అమెరికాలో గుండెకు శస్త్రచికిత్స జరిగింది. అంతటి చికిత్స తరువాత విశ్రాంతి కోరడం ఎవరికైనా సహజమే. ఆయన మాత్రం ఆ దశాబ్దంలోనే ఈ కొండల అంచున రాళ్ళతో నిండిన నేలమీద అన్నపూర్ణ స్టూడియోను నిర్మించారు. ఆ తరువాత దాదాపు నాలుగు దశాబ్దాలపాటు క్రమశిక్షణతో జీవిస్తూ నటనను కొనసాగించారు. దెబ్బతిన్న గుండెను అంతకాలం కాపాడుకోవడానికి వైద్యం ఎంత తోడ్పడిందో, నియమం తప్పని జీవనం కూడ అంతే తోడ్పడి ఉంటుంది.

దేహం తరువాత గృహం. జూబ్లీహిల్స్‌లోని ఇళ్ళు అద్దాలవలె మెరుస్తాయి. ఆ మెరుపు వెనుక ఫిలింనగర్ బస్తీల నుంచి, కృష్ణానగర్ ఇరుకు గదుల నుంచి తెల్లవారకముందే నడచివచ్చే స్త్రీల చేతులున్నాయి. ఇంట్లోనుంచి వెళ్ళిన చెత్త మాయమైపోదు. అది బండి ఎక్కి నగరానికి ఈశాన్యాన ఉన్న జవహర్‌నగర్ చేరుతుంది. ఆ గుట్టల పక్క నివసించేవారు ఏళ్ళ తరబడి ఆ దుర్గంధాన్ని భరించారు. కొండ దిగువనున్న దుర్గం చెరువు కథ కూడ ఇటువంటిదే. ఒకప్పుడు గోల్కొండ కోటకు మంచినీరందించిన చెరువుగా దానికి పేరున్నది. చుట్టూ నివాసాలు పెరిగిన తరువాత అందులోకి మురుగు చేరింది. 2020లో దానిపై తీగల వంతెన ప్రారంభమయ్యాక, రాత్రివేళ ఆ దీపాల వెలుగును చూడడానికి జనం తరలివస్తున్నారు. వంతెనను చూసి మురిసేవారు ఒక్కసారి కింది నీటివైపు కూడ చూస్తే, తమ ఇంటి తూము ఎక్కడికి పోతున్నదో గుర్తుకు వస్తుంది. ఇల్లు నిజంగా శుభ్రపడిందా, లేక మురికి చోటు మార్చుకొన్నదా అని ప్రశ్నించుకోవడం గృహశుద్ధిలో మొదటి పాఠం. తడిచెత్తను, పొడిచెత్తను వేరుచేయడం, అక్కరలేని వస్తువును కొనకుండా ఉండడం రెండవ పాఠం.

ఇక్కడే శుద్ధి అనే మాటలో దాగిన ప్రమాదాన్ని గురించి కూడ చెప్పుకోవాలి. మడి, మైల, అంటు అనే మాటల చాటున సమాజం తరతరాలుగా సాటి మనుషులను గడప వెలుపల నిలబెట్టింది. మురికిని తొలగించినవారినే మురికిగా భావించింది. ఆ భావన ఈనాటికీ పూర్తిగా తొలగిపోలేదు. ఇల్లంతా తుడిచిన స్త్రీకి ఆ ఇంటివారు తాగే గ్లాసులో నీళ్ళివ్వడానికి సంకోచించే ఇళ్ళున్నాయి. ఆమె ఎక్కడానికి వేరే లిఫ్టు కేటాయించిన భవనాలున్నాయి. పాలరాతి నేలమీద ధూళికణం లేకపోయినా అటువంటి గృహాన్ని శుచియైనదనడం సాధ్యం కాదు. 1901లో కలకత్తా కాంగ్రెసు సభలకు వెళ్ళిన గాంధీజీ అక్కడి మరుగుదొడ్ల దుస్థితి చూసి తానే చీపురు పట్టారు. ప్రకృతి చికిత్సను ప్రేమించిన చేతులూ, చీపురు పట్టిన చేతులూ ఒక్కటే కావడం యాదృచ్ఛికం కాదు. తన మురికిని తాను ఎత్తుకొన్నవానికి ఎదుటివానిలో మైల కనిపించదు.

గృహం తరువాత చివరిదీ, కష్టమైనదీ మనస్సు. చిత్రీకరణ ముగిసి 'ప్యాకప్' అన్న కేక వినబడగానే నటీనటులు అద్దం ముందు కూర్చొంటారు. కొబ్బరినూనె రాసి మెత్తని గుడ్డతో తుడిస్తే ముఖం మీది రంగు నిమిషాల్లో వదలిపోతుంది. పూర్వం అర్దళం పూసుకొని రాత్రంతా ఆడిన వీథినాటక కళాకారులు కూడ తెల్లవారుజామున ఇలాగే రంగు తుడుచుకొనేవారు. నూనెకు లొంగని రంగు మరొకటున్నది. పొగడ్తవల్ల కలిగే గర్వం, పరాజయం వల్ల కలిగే ఈర్ష్య, అవకాశం చేజారుతుందేమోనన్న భయం మనసుకు పట్టి అంత సులువుగా వదలవు. ఈ రంగులు నటులకే పరిమితం కావు. పరీక్షల్లో మార్కులు తగ్గిన విద్యార్థికీ, ఉద్యోగంలో వెనుకబడిన గుమాస్తాకూ ఇవి అంటుకొంటాయి. ప్రతిరాత్రీ కొద్దిసేపు మౌనంగా కూర్చొని, ఆనాటి మాటలను, చేతలను తనకు తాను చెప్పుకొని, తప్పును ఒప్పుకోవడం ఈ రంగును తుడిచే నూనెగుడ్డ.

ఒప్పుకోవడానికి ధైర్యం కావాలి. 2013 అక్టోబరులో అక్కినేని విలేఖరులను సమావేశపరచి, తనకు క్యాన్సర్ సోకిందని స్వయంగా వెల్లడించారు. రూపమే సంపదగా భావించే పరిశ్రమలో వ్యాధిని దాచుకోవడం వాడుక. ఆయన దాచలేదు, దిగులుపడలేదు. తన చివరి చిత్రమైన 'మనం'లో నటించి, 2014 జనవరి 22న కన్నుమూశారు. ఆ చిత్రం అదే ఏడాది మే నెలలో విడుదలైంది. సత్యాన్ని దాచవలసిన అవసరం లేని మనస్సే పరిశుద్ధమైన మనస్సు.

అటువంటి మనస్సు తనలోనే ముడుచుకొని ఉండదు. 1998లో నటుడు చిరంజీవి జూబ్లీహిల్స్‌లో రక్తనిధిని, నేత్రనిధిని స్థాపించగా, తెరమీద బొమ్మకు చప్పట్లు కొట్టడానికి అలవాటుపడిన వేలాది అభిమానులు ముక్కూ మొగమూ తెలియని రోగికి రక్తమివ్వడానికి వరుసలో నిలబడ్డారు. అభిమానం ఆవేశంగా మిగిలితే కొట్లాటలకు దారితీస్తుంది. సేవగా మారితే ప్రాణం నిలుపుతుంది. మనోమాలిన్యానికి ఇంతకంటె సులభమైన మందు లేదు.

ఆషాఢమాసంలో జూబ్లీహిల్స్ పెద్దమ్మ గుడికి బోనాలు తరలివస్తాయి. 1813లో నగరంలో మహమ్మారి ప్రబలినప్పుడు మొక్కిన మొక్కుతో ఈ పండుగ వ్యాప్తిలోకి వచ్చిందని ప్రతీతి. పసుపు పూసిన కుండ, దానికి కట్టిన వేపరెమ్మలు, అలికిన ముంగిళ్ళు చూస్తే ఆరోగ్యం ఏ ఒక్క ఇంటి సొత్తూ కాదని తెలుస్తుంది. మహమ్మారికి కొండమీది మేడ, కొండ కింది గుడిసె అన్న తేడా లేదు. శుద్ధికి కూడ ఆ తేడా ఉండరాదు.

మళ్ళీ తెల్లవారుతుంది. ఉద్యానంలో నడక ముగించుకొని వచ్చిన మనిషి చెమట తుడుచుకొంటూ, చేతిలోని ఖాళీ నీళ్ళసీసాను రోడ్డు పక్కకు విసరబోయి ఆగుతాడు. కొద్ది దూరంలో చీపురుతో ఒక స్త్రీ నిలిచి ఉన్నది. అతడు నాలుగడుగులు నడచి సీసాను చెత్తకుండీలో వేస్తే, ఆనాటికి అతని దేహశుద్ధి, గృహశుద్ధి, మనశ్శుద్ధి మూడూ సమకూరినట్లే.