అబ్బా పేషాకి ఇంగ్లీషు లఫ్జ్

ఇంటర్ అడ్మిషన్ ఫారంలో "తండ్రి వృత్తి" అన్న గడిలో గుమాస్తా నన్ను అడక్కుండానే "కూలీ" అని రాసేశాడు. అబ్బా పక్కనే నిలబడి ఉన్నారు. ఆయనకు చదవడం రాదు. నేను నోరు మెదపలేదు. సిగ్గుతోనో, భయంతోనో.

మా మీర్‌పేట్‌లో "ఖలాయి సాబ్ వచ్చిండు" అని కేక వినపడితే చాలు, రాగి బిందెలు, ఇత్తడి గిన్నెలు అన్ని ఇళ్ల నుంచీ వచ్చి వరస కట్టేవి. నేలలో చిన్న గుంత, అదే భట్టీ. తిత్తి ఊదడం నా పని. గిన్నె సరిగ్గా కాలాక నవాసారం చల్లితే తెల్లటి పొగ గుప్పుమనేది. తగరం ముక్క తాకించి, దూది ఉండతో గిర్రున ఒక్క చుట్టు! తగరం 232 డిగ్రీలకే కరుగుతుందని నేను తర్వాత పుస్తకంలో చదివాను. అబ్బాకి కళ్లే థర్మామీటర్. ఆ పూత లేని రాగి దేగ్‌లో చింతపండు వేసిన దాల్చా వండితే చిలుము ఎక్కి జహర్ అవుతుంది. వలీమా దావత్ తిన్నవాళ్ల సేహత్ ఆయన హునర్ మీద ఉండేది. ఇది కూలీ పనా?

చాలా ఏళ్లు డిక్షనరీలు తిరగేశాను. టిన్‌స్మిత్ అంటే రేకు సామాన్లు చేసేవాడు. టింకర్ అంటే ఊరూరా తిరిగి మాట్లు వేసేవాడు, దాన్ని తిట్టుగానూ వాడారు. చివరికి 1886లో యూల్, బర్నెల్ దొరలు తెచ్చిన హాబ్సన్-జాబ్సన్ లుగత్‌లో దొరికింది: "కలాయ్". తగరం అని ఒక మానీ, రాగి పాత్రకు తగరం పూయడం అని ఇంకో మానీ. మన మాటే! దాని అసలు అరబీ. మలయ తీరంలో తగరానికి పేరుపడ్డ కలహ్ రేవు గురించి అరబ్ ముసాఫిర్లు రాశారు, ఆ రేవు పేరే లోహానికి వచ్చిందంటారు. పోర్చుగీసువాళ్లు "కలాయిం" అన్నారు. ఉర్దూలో పెద్ద ఖాఫ్‌తో రాసే ఆ లఫ్జ్ మన దక్కనీ నోట్లో ఖలాయి, తెలుగులో కళాయి అయింది. (బజ్జీల కళాయి వేరు, అది కడాయి చుట్టం.)

స్టీలు వచ్చాక భట్టీ ఆరిపోయింది. మొన్న అబ్బా పక్కన కూర్చుని ఇదంతా చెప్పాను. గుమాస్తా రాసిన మాట కూడా.

"నాకు తెలుసు బేటా. రాస్తూ పైకి చదివిండు గదా."

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత ఆయనే అడిగారు: "ఆ కలహ్‌లో రాంగా ఇప్పుడు కిలో ఎంతకిస్తరంట?"