ఆషాఢంలో ప్రొద్దుటూరు

మా తుమ్మలపల్లె పేరు చెబితే బయటివాళ్లకు యురేనియమే గుర్తొస్తుంది. 2012లో గని, శుద్ధి కర్మాగారం పని మొదలైనప్పటి నుంచి పత్రికల్లో మా ఊరు ఆ ఒక్క సంగతితోనే కనిపిస్తోంది. ఊళ్లో బతికేవాళ్లకు మాత్రం అరటి గెలల ధర, చీనీ తోటలకు నీళ్లు, పిల్లల పెళ్లిళ్లు ముఖ్యం. పెళ్లి కుదిరిందంటే ఇంట్లో మొదట వినపడే మాట "ప్రొద్దుటూరు పోవాల" అని. పులివెందులలో అంగళ్లు లేక కాదు. బంగారానికీ పట్టుచీరకూ ప్రొద్దుటూరే పోవాలన్నది మా అమ్మమ్మల కాలం నుంచీ ఉన్న నమ్మకం. పసిడిపురి అనీ, రెండో ముంబయి అనీ ఆ ఊరికి ఉత్తగా పేర్లు రాలేదు.

పెళ్లిళ్ల నెలల్లో ఆ రద్దీలోకి నేను పోను. ఆషాఢంలో పోతాను. పులివెందులలో బస్సెక్కి ముద్దనూరు దాటితే జమ్మలమడుగు. అక్కడ నా స్నేహితురాలు ఎక్కుతుంది. ఆమె పక్కన లేకుండా నేను ఖరీదైన బట్ట కొనను. ఆమె మోరగుడి నేతగాళ్ల ఇంటి బిడ్డ. బడి నుంచి రాగానే కండెలు చుట్టి, ఆ తరువాతే పుస్తకం తీసిన మనిషి. చీర ధర చీటీ చూడకముందే దాని అంచు చూస్తుంది.

ఆషాఢం తగ్గింపులో మోసమేమీ లేదు, దానికి కారణం మన ఇళ్లలోనే ఉంది. ఆ నెలలో ముహూర్తాలుండవు. కొత్త కోడలు పుట్టింటికి పోతుంది. అంగట్లో గిరాకీ పడిపోతుంది. శ్రావణం వస్తే వరలక్ష్మీ వ్రతాలు, పెళ్లిళ్లు. దానికోసం కొత్త సరుకు దించాలి, దించాలంటే అరల్లో చోటు కావాలి, పాత సరుకు తెచ్చిన చోట బాకీలు తీర్చాలి. అందుకని వ్యాపారి తన లాభంలోంచి కొంత వదులుకుంటాడు. నిరుడు వచ్చిన రంగు, ఒకటే మిగిలిపోయిన సైజు, మడత దగ్గర కాస్త వెలిసిన చీర ఈ నెలలో నిజంగానే చవకగా దొరుకుతాయి. ఇలాంటి తగ్గింపు అందరికీ మంచిదే. కొనేవాళ్లకు మేలు, అమ్మేవాళ్లకు డబ్బు కదులుతుంది, బట్ట వృథా కాదు.

బట్ట వృథా కావడం చిన్న విషయం కాదు. లండన్ కంపెనీ బర్‌బెరీ అమ్ముడుపోని బట్టలు, సంచులు, అత్తర్లు ఒక్క ఏడాదిలో 2.86 కోట్ల పౌండ్ల విలువైనవి నాశనం చేసిందని 2018లో బయటపడింది. ధర తగ్గించి అమ్మితే పేరు చవకబడుతుందని ఆ పని చేసేవాళ్లు. జనం మండిపడ్డాక అదే ఏడాది మానుకున్నారు. ఫ్రాన్సులో 2022 నుంచి అమ్ముడుపోని బట్టల్ని నాశనం చేయకూడదని చట్టమే వచ్చింది. మనుషుల చేతిపనిని పొయ్యిలో వేసే పెద్ద పేర్ల కన్నా, ఆషాఢంలో బల్ల మీద కుప్పపోసి "రాండి, చూసుకోండి" అని పిలిచే మా ప్రొద్దుటూరు అంగడి నాకు ఎక్కువ గౌరవంగా కనిపిస్తుంది.

అయితే బల్ల మీదున్న ప్రతిదీ ఆ కోవలోది కాదు. ఒకసారి "డిజైనర్ ఇక్కత్, సగం ధర" అని రాసి ఉన్న చీరల వరస దగ్గర నేను ఆగిపోయాను. రంగులు అంత అందంగా ఉన్నాయి. ఆమె కొంగు తిరగేసింది. వెనకవైపు వెలవెలబోతూ ఉంది. ఇక్కత్‌లో నూలుకే ముందు రంగు అద్ది ఆ తరువాత నేస్తారు గనక చీర రెండు వైపులా ఒకేలా ఉంటుంది. ఇది యంత్రం మీద నేసిన గుడ్డకు అచ్చు వేసిన బొమ్మ.

"సగం ధరంట మే" అన్నాను.

"తగ్గింది ఎవురికి?" అంది. "ఇది మొదుట్నుంచీ అంత చేసేదే కాదు. మీద ఎక్కువ రాసి, సగం కొట్టేసినారు. దీన్ని కొంటే పోచంపల్లిలో మగ్గం మీద కూర్చున్నోని చీర అమ్ముడుపోకుండా పోతాది. తగ్గింది వానికి."

ఆ మాట నాలో నిలిచిపోయింది. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. అంచున్న చీరల వంటి కొన్ని రకాలను చేనేతకే కేటాయించేందుకు 1985లో చట్టం చేశారు. 1993లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. ఇన్ని ఉన్నా అచ్చు చీర ఇక్కత్ పేరుతో బల్ల మీదికి వస్తూనే ఉంది. చట్టం అంగట్లోకి రావాలంటే కొనేవాళ్లే తీసుకురావాలి.

చేనేతనూ పట్టునూ గుర్తుపట్టడానికి ఆమె చేసే పరీక్షలు చాలా మామూలువి, ఎవరైనా నేర్చుకోవచ్చు. చేతిమగ్గం మీద బట్ట అడ్డంగా కుంచించుకుపోకుండా రెండు అంచుల దగ్గరా సూదులతో పట్టి ఉంచుతారు. ఆ సన్నని రంధ్రాల గుర్తులు అంచు వెంబడి కనపడతాయి. కొంగు చివర పోగు ఒకటి లాగి కాలిస్తే పట్టయితే వెంట్రుకలు కాలిన వాసన వచ్చి బూడిద వేళ్ల మధ్య నలిగిపోతుంది, పాలిస్టరయితే కరిగి గట్టి ముద్ద అవుతుంది. పోగు కాల్చనివ్వని అంగట్లో పట్టు కొనొద్దంటుంది ఆమె. అంత పట్టుదల లేనివాళ్లకు సిల్క్ మార్కు ఉంది, చేనేతకు 2006 నుంచి హ్యాండ్‌లూమ్ మార్కు ఉంది. ఆ చీటీ చూపించమని అడగడానికి సిగ్గుపడాల్సిన పని లేదు.

డిజైనర్ చీరలంటే నాకు ఇష్టం. హైదరాబాదు డిజైనర్ గౌరంగ్ షా జాందానీ నేతను ఎంత ఎత్తుకు తీసుకుపోయాడో చూశాం. 'మహానటి' చిత్రానికి ఇంద్రాక్షి పట్నాయక్, అర్చనా రావులతో కలిసి ఆయన జాతీయ పురస్కారం అందుకున్నాడు. అలాంటి చీర ధరలో రెండు భాగాలుంటాయి. ఒకటి పేరుకిచ్చే డబ్బు, రెండోది పనికిచ్చే డబ్బు. జాందానీలో ఒక్కో పువ్వునూ మగ్గం మీదే పోగు పోగుగా చేత్తో దూర్చాలి. చీర మీది పనిని బట్టి నెలలు పట్టొచ్చు. పేరుకిచ్చే దాంట్లో ఎంత తగ్గించినా నేను సంతోషంగా కొంటాను. పనికిచ్చే దాంట్లోంచి తగ్గించిన చీర నాకొద్దు. రెండూ కంటికి ఒకేలా కనపడతాయి గనకనే పక్కన తెలిసిన మనిషి ఉండాలి.

మా వైపు పిల్లలు కదిరి మీదుగా బెంగళూరు పోయి మారతహళ్లిలోని ఫ్యాక్టరీ అంగళ్లలో విదేశీ కంపెనీల చొక్కాలు, జీన్సు తెచ్చుకుంటారు. ఎగుమతి కోసం కుట్టి, ఒక కుట్టు వంకర పోయిందనో, గడువు దాటిందనో తిప్పి పంపిన సరుకు అది. మెడ దగ్గరి పేరు పట్టీని సగానికి కత్తిరించి ఉంటే దాన్ని పేరుతో అమ్మకూడదని అర్థం. అది మంచి బేరమే. కానీ చొక్కా మరీ చవకైనప్పుడు దాన్ని కుట్టిన ఆడపిల్ల గుర్తుకు రావాలి. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో బట్టల ఫ్యాక్టరీలున్న రానా ప్లాజా భవనం కూలి 1,134 మంది చనిపోయారు. గోడలు పగిలాయని ముందురోజే చూసి కూడా కార్మికులను పనిలోకి పిలిచారు. కుడుతున్నవి లోకమంతా తెలిసిన పేర్ల బట్టలు. ఆ చవక ధర ఎవరి ప్రాణం మీదుగా వచ్చిందో అప్పుడు ప్రపంచానికి తెలిసింది.

సంచుల సంగతి వేరు. "ఫస్ట్ కాపీ అక్కా, ఎవురూ కనిపెట్టలేరు" అని పెద్ద కంపెనీ పేరున్న హ్యాండ్‌బ్యాగు చేతిలో పెడతారు. అది తగ్గింపు కాదు, నకిలీ. తప్పుడు వ్యాపార చిహ్నం వేసి అమ్మడం 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం కింద జైలుకు పంపగల నేరం. పేరు లేని మంచి తోలు సంచి అదే డబ్బుకు దొరుకుతుంది, ఏళ్లు వస్తుంది. ఈ విషయంలో నా స్నేహితురాలికీ నాకూ ఎప్పుడూ వాదన రాలేదు. బంగారంలోనూ అంతే. తగ్గించేది తరుగులోనూ మజూరీలోనూ, బంగారం ధరలో కాదు. ఆరు అక్షరాలు, అంకెల హాల్‌మార్క్ సంఖ్య నగ మీద ఉందా లేదా అన్నదే మొదటి ప్రశ్న.

లెక్కలు మాత్రం నేను చూస్తాను, ఆమె నాకే వదిలేస్తుంది. "50 శాతం, ఆ పైన 20 శాతం" అంటే 70 కాదు, 60. వెయ్యి రూపాయల బట్ట ముందు ఐదొందలు అవుతుంది, ఐదొందల మీద ఇంకో వంద తగ్గుతుంది, నాలుగొందలు కట్టాలి. "రెండు కొంటే ఒకటి ఉచితం" అంటే మూడింటి మీద మూడోవంతు తగ్గినట్టు, అదీ మూడూ మనకు కావలసినవైతేనే. చీటీ మీది ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. తగ్గించిన ధర మీద పన్ను విడిగా వేయడం తప్పని జాతీయ వినియోగదారుల కమిషన్ 2017లోనే తేల్చింది. బిల్లులో అదనంగా పన్ను కనపడితే అడగండి. వినకపోతే 1915 అనే నంబరుకు ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు.

ఇన్ని చెప్పినా స్నేహితురాలితో అంగడికి పోవడంలో అసలు సుఖం వేరే ఉంది. ఇంట్లోవాళ్లు "బాగుందిలే" అంటారు. అంగట్లోవాళ్లు అన్నీ బాగున్నాయంటారు. ఆమె అద్దంలో నన్నొకసారి చూసి "నీకొద్దు మే, ఈ పచ్చ నిన్ను నల్లగా చూపిస్తాంది" అంటుంది. ఆ ఒక్క మాట వల్ల బీరువాలో ఊరికే పడి ఉండే చీర ఒకటి తగ్గుతుంది. ఆమె చెయ్యి వేసి "తీసుకో" అన్న చీర నాలుగేళ్లయినా కట్టాలనిపిస్తుంది. మధ్యాహ్నం ఎర్రకారం దోశ తింటూ కొన్నవాటిని మళ్లీ విప్పి చూసుకుంటాం. అమ్మవారిశాలలో దండం పెట్టుకుని తిరిగొస్తాం. కొనకుండా వదిలేసినవాటి గురించే బస్సులో ఎక్కువ మాట్లాడుకుంటాం.

వాళ్ల నాన్న మగ్గం ఇప్పుడు లేదు. కీళ్ల నొప్పులతో మగ్గం గుంటలో కూర్చోలేక తీసేశారు. మోరగుడిలో, వేపరాలలో ఇంకా మగ్గాలు ఆడుతున్నాయి. అక్కడ చాలామంది షావుకారు ఇచ్చిన పట్టుతో, జరీతో నేసి చీరకింత అని కూలి తీసుకునేవాళ్లు. పట్టు ధర పెరిగితే చీర ధర పెరుగుతుంది, కూలి మాత్రం అంత తేలిగ్గా పెరగదు. గిరాకీ లేదంటే ముందు ఆగేది కూలే. అందుకే ఆమె ప్రతి చీర దగ్గరా "తగ్గింది ఎవురికి?" అని అడుగుతుంది. నేనూ ఇప్పుడు అడుగుతున్నాను.

ఆషాఢంలో ప్రొద్దుటూరు వచ్చేవాళ్లకు నా మనవి ఒకటుంది. అంగళ్లు తిరగండి, బేరమాడండి, మిగిలిన సైజుల్లో మంచివి ఏరుకోండి. అందులోంచి ఒక్క చీర డబ్బు మాత్రం చేనేతకు పక్కన పెట్టండి. ఆప్కోలో కొనొచ్చు, గాంధీ జయంతి రిబేటు దాకా ఆగొచ్చు, లేదా ఆగస్టు 7న చేనేత దినోత్సవానికి కొనొచ్చు. వీలైతే ఒక పూట ముందే బయలుదేరి జమ్మలమడుగులో దిగండి. మోరగుడి అక్కడికి దగ్గరే. మగ్గం మీద ఉన్న చీర ధర నేసిన మనిషినే అడగండి, చెబుతారు.