సొంత ఫోనే బడి

2020 మార్చిలో కరోనా వల్ల బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీ ఆఫీసులన్నీ ఇళ్లలోకి వచ్చేశాయి. మాలాంటి వాళ్లకి కంపెనీ ల్యాప్‌టాప్ ఉంది, ఏదైనా ఆగిపోతే ఫోన్ చేస్తే చూసే ఐటీ సపోర్ట్ ఉంది. ఇంటి నుంచే ఆన్‌లైన్ పాఠాలు చెప్పాల్సిన టీచర్లకి ఏముంది? సొంత ఫోను, సొంత డేటా.

నీలాద్రి నగర్‌లో మా పక్క ఫ్లాట్ లెక్కల టీచరమ్మది అనంతపురం. డైనింగ్ టేబుల్ మీద ప్లాస్టిక్ స్టూలు వేసి, దాని మధ్య రంధ్రం మీద ఫోన్ కెమెరా ఆనించి, కింద తెల్లకాగితం మీద భాగహారాలు చేసి చూపించేవారు. వీడియో ఆపేసుకున్న పిల్లల్ని పేరుపేరునా పిలిచేవారు. హోంవర్క్ ఫొటోలు రాత్రి పొద్దుపోయాకే వచ్చేవి, నాన్న డ్యూటీ దిగి వస్తేగానీ చాలా ఇళ్లలో ఫోన్ ఉండదు కదా! అవన్నీ దిద్దాకే ఆవిడ పడుకునేవారు.

ఆ జూన్‌లో కర్ణాటక ప్రభుత్వం చిన్న తరగతులకి ఆన్‌లైన్ పాఠాలు వద్దంది. జులైలో హైకోర్టు ఆ ఉత్తర్వుపై స్టే ఇచ్చింది. మధ్యలో నలిగింది టీచర్లే. తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్లలో పాఠాలు మొదలయ్యాయి. 2021 ఏప్రిల్‌లో అక్కడి ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకి నెలకి 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. పాఠాలు చెప్పే చేతులకి బియ్యం సాయం అందించాల్సిన రోజులవి.

టీచర్లకి టెక్నాలజీ రాదని తేలిగ్గా మాట్లాడేవాళ్లని చూస్తే ఇప్పటికీ కోపమొస్తుంది. ఏ ట్రైనింగూ లేకుండా నేర్చుకున్నారు వాళ్లు.

ఈసారి పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్లినప్పుడు ఫీజుల సంగతితో పాటు టీచర్లకి స్కూలు ల్యాప్‌టాప్‌లు ఇచ్చిందో లేదో కూడా అడగండి.