బస్సు వెనక సీట్లో పుట్టిన ర్యాపర్

ఇవాళ షేర్ ఆటోలో పక్క కుర్రాడి ఫోన్ మోగింది. రెజ్లర్ జాన్ సీనా పాట! ఆ బాకాల మోత వినగానే ఒళ్లు పులకరించింది.

అది సీనా స్వయంగా పాడిందని మీలో ఎంతమందికి తెలుసు?

2002లో రెజ్లింగ్ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఈ టీవీ షోలోకి వచ్చాడు. అందులో మొదటి మ్యాచే స్టార్ రెజ్లర్ కర్ట్ యాంగిల్‌తో. కానీ జనానికి ఎక్కలేదు, కొన్ని నెలలకే ఉద్యోగం ఊడే పరిస్థితి.

అప్పుడే యూరప్ టూర్‌లో, బస్సు వెనక సీట్లో తోటి రెజ్లర్లు ర్యాప్ కడుతుంటే తనూ అందుకున్నాడు. అప్పటికప్పుడు ప్రాస మీద ప్రాస! అది సంస్థ యజమాని కూతురు స్టెఫనీ మెక్‌మాన్ చెవిన పడింది. ఆ హాలోవీన్‌కి టీవీలో ర్యాపర్ వేషం కట్టాడు.

తర్వాత మెడలో గొలుసు, దానికో తాళంకప్ప, చేతిలో మైకు. ఎదుటివాణ్ని ముందు మాటతోనే పడగొట్టేవాడు.

2005లో చాంపియన్. అదే ఏడాది ర్యాప్ ఆల్బం, అమెరికా బిల్‌బోర్డ్ ఆల్బం చార్ట్‌లో 15వ స్థానం.

నాకు మాత్రం ఆ టైటిళ్లకన్నా ఆ బస్సే గొప్పగా అనిపిస్తుంది. ఎవరూ అడగకుండా, కేవలం ఇష్టంతో పాడుకున్న పాట మనిషిని నిలబెట్టింది!

2023 సెప్టెంబర్‌లో సీనా హైదరాబాద్ గచ్చిబౌలికి షో కోసం వచ్చినప్పుడు చూసినవాళ్లున్నారా? ఆ రాత్రి ఎలా ఉందో రాయండి, ప్లీజ్.