సైకిల్ అద్దె

సినిమా కోచ్‌కి ఒక సౌకర్యం ఉంది. సగం ఆట అయ్యేసరికి జట్టు ఓడిపోతూ ఉంటుంది. కుర్రాళ్లు తలలు వేలాడేసుకుని కూర్చుంటారు. ఆయన వచ్చి అందరి మొహాలూ ఓసారి చూసి, మెల్లగా మొదలుపెట్టి గొంతు పెంచుకుంటూ పోతాడు. వెనక వయొలిన్లు. ఇక ఆ జట్టు గెలవక చస్తుందా! ఇవి చూసీ చూసీ కోచ్ అంటే ఉపన్యాసకుడేనని మనకు స్థిరపడిపోయింది. కంపెనీలు కూడా ఇదే నమ్మి, పేరున్న మాజీ ఆటగాళ్లను స్టార్ హోటల్‌కి పిలిపించి, బఫేకి ముందు ముప్పావుగంట స్ఫూర్తి వడ్డిస్తున్నాయి. తిన్నవాళ్లకు అరిగిందో లేదో ఎవరూ అడగరు.

నాకు మాత్రం కోచింగ్ అనగానే సైకిల్ అద్దె గుర్తొస్తుంది.

సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదులో బడిపంతులు. 1950 నుంచి 1963లో పోయేదాకా హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టునూ, భారత జట్టునూ నడిపించినవాడు. ఆటగాళ్లందరికీ రహీం సాబ్. సికింద్రాబాద్ అవతల అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అనే పేదింటి కుర్రాడి ఆట ఆయన కంటపడింది. ప్రాక్టీసుకి రమ్మన్నారు. అంత దూరం రోజూ రావడానికి నా దగ్గర డబ్బుల్లేవు సార్ అన్నాడు కుర్రాడు. పట్టుదల ఉంటే కొండలు కదుల్తాయని రహీం సాబ్ చెప్పలేదు. సైకిల్ అద్దెకి డబ్బులిచ్చారు. ఆ కుర్రాడు 1956లో మెల్బోర్న్, 1960లో రోమ్ ఒలింపిక్స్ ఆడాడు. 1962లో జకార్తా ఆసియా క్రీడల నుంచి బంగారు పతకంతో తిరిగొచ్చాడు.

మన ఊళ్లలో ఒక పిల్లవాడు నాలుగు రోజులు గ్రౌండుకి రాకపోతే ‘వాడికి ఇంట్రస్టు లేదండీ’ అని తేల్చేస్తాం. ఆ మాట అనడం ఎంత సుఖమో! బస్సు వేళ కుదరడం లేదా, ఒక్క జత బూట్లనే అన్నా తమ్ముడూ పంచుకుంటున్నారా, పొద్దున్నే గేదెల పాలు పితికి కేంద్రంలో పోసి రావాల్సింది వాడేనా, ఇవన్నీ కనుక్కోవాలంటే కోచ్ ఆ ఇంటిదాకా వెళ్లాలి. ‘ఇంట్రస్టు లేదు’ అంటే కూర్చున్న చోటి నుంచి లేవక్కర్లేదు.

బూట్లంటే ఇంకోటి జ్ఞాపకం వచ్చింది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మనవాళ్లు చాలామంది ఉత్త కాళ్లతోనే దిగారు. యుగోస్లావియా పది గోల్స్ కొట్టింది, మనం ఒక్కటి. ఆ తర్వాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. నాలుగేళ్లు తిరిగేసరికి మెల్బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్‌కి చేరాం. అక్కడ ఎదురైంది మళ్లీ ఆ యుగోస్లావియాయే. మొదటి గోల్ మనదే. చివరికి 4-1తో ఓడిపోయామనుకోండి, అయినా పదికీ నాలుక్కీ తేడా ఉంది. ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం మన ఫుట్‌బాల్‌కి అదే మొదలు, ఇప్పటిదాకా అదే ఆఖరు.

రహీం సాబ్ పద్ధతులు కాస్త చిత్రంగా ఉండేవి. డ్రిబ్లింగ్ చెయ్యకూడదనే షరతుతో పోటీలు పెట్టేవారు. బంతి కాలికి తగలగానే ఇంకొకరికి ఇచ్చెయ్యాలి. గొప్ప కోసం నలుగురిని తిప్పుకుంటూ పోయే వీరులకు ఇది ఉపవాసం లాంటిది. బలంలేని కాలితోనే ఆడాల్సిన పోటీలూ పెట్టారు. కుడికాలివాటం వాళ్లంతా ఎడమకాలితో తడబడుతుంటే గట్టు మీద జనం ఎంత నవ్వుకుని ఉంటారో ఊహించుకోవచ్చు. ‘స్వార్థం మానండి, జట్టుగా ఆడండి’ అని గంట చెప్పినా తలకెక్కనిది ఈ నిబంధనతో కాళ్లకెక్కింది. బోధ చెయ్యకుండా ఆట నియమాన్నే మార్చడం బడిపంతులికి తప్ప ఇంకెవరికి తడుతుంది? సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిందంటే ఆశ్చర్యమేముంది!

ఇక జకార్తా. 1962 ఆసియా క్రీడల్లో తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తర్వాతి మ్యాచ్‌లో స్టాపర్ జర్నైల్ సింగ్‌కి తల పగిలి కుట్లు పడ్డాయి. తలకు దెబ్బ తగిలినవాణ్ణి మామూలుగా అయితే బెంచీ మీద కూర్చోబెడతారు. రహీం సాబ్ సెమీఫైనల్లో అతణ్ణి తీసుకెళ్లి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టారు. గోల్ ఆపాల్సినవాడు గోల్ కొట్టాడు, సెమీఫైనల్లో ఒకటి, మళ్లీ ఫైనల్లో ఒకటి. ఇవాళ్టి డాక్టర్లు దీన్ని ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. కానీ మనిషిలో అతనికే తెలియని ఇంకో ఆటగాణ్ణి చూడగలిగిన ఆ కన్ను మాత్రం అరుదైనది. ఫ్లూతో పడుకుని లేచిన గోల్‌కీపర్ తంగరాజ్‌ని ఫైనల్లో దింపడమూ ఆయన లెక్కే. గాల్లో వచ్చే బంతులకు పొడగరి కావాలి.

అప్పటికి రహీం సాబ్‌ని క్యాన్సర్ తినేస్తోంది. ఫైనల్‌కి ముందు రాత్రి ఆటగాళ్లతో, రేపు మీ నుంచి నాకో కానుక కావాలి, బంగారు పతకం గెలిచి ఇవ్వండి అన్న అర్థం వచ్చే మాట ఒకటి అన్నారని ఆ జట్టులో ఆడిన పీకే బెనర్జీ తర్వాత చెబుతుండేవారు. అంతే ఉపన్యాసం. మర్నాడు 2-1తో గెలిచారు. మరుసటి ఏడాది జూన్‌లో ఆయన పోయారు. ఈ కథ చెప్పేవాళ్లంతా ఆ ఒక్క మాట దగ్గర ఆగి కళ్లు తుడుచుకుంటారు. నేనూ తుడుచుకుంటాను. కానీ అదే మాట నిన్న మొన్న చేరిన కొత్త కోచ్ అని ఉంటే కుర్రాళ్లు మొహాలు చూసుకుని పడుకునేవాళ్లు. ఏళ్ల తరబడి ఎవరికి ఏం కావాలో కనిపెట్టి చూసిన మనిషి, మొదటిసారి తనకంటూ ఒకటి అడిగాడు. కాదనగలరా?

రహీం సాబ్ ఊరు హైదరాబాదులోనే గచ్చిబౌలి వైపు ఇంకో కోచ్ ఉన్నారు. పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచారు. ఇల్లు తాకట్టు పెట్టి మరీ అకాడమీ కట్టించారు, 2008లో తెరిచారు. తెల్లవారకముందే కోర్టులో ఉంటారని పేరు. ఆయన కఠినం గురించి బోలెడు కథలున్నాయి. 2016 రియో ఒలింపిక్స్‌కి ముందు మూడు నెలలు తన శిష్యురాలు పి.వి. సింధు ఫోన్ తీసేసుకున్నారు. ఐస్‌క్రీం బంద్, ఆఖరి రోజుల్లో తియ్య పెరుగూ బంద్. తెలుగింటి ఆడపిల్లకు పెరుగు మాన్పించారంటే ఆషామాషీ కాదు! వెండి పతకం వచ్చాక ఫోనూ ఐస్‌క్రీమూ తిరిగిచ్చారు.

ఇంకో సంగతి ఉంది, అది నన్ను కాస్త ఇబ్బంది పెడుతుంది. సింధు నెమ్మదస్తురాలు. కోర్టులో దూకుడు రావాలని, అకాడమీ వాళ్లందరి ముందూ ఆమెను నిలబెట్టి గట్టిగా అరవమన్నారు. అరిచేదాకా ర్యాకెట్ ముట్టొద్దన్నారు. ఆ పిల్ల ఏడ్చింది. తర్వాత అరిచింది. ఇప్పుడు పాయింటు గెలిచినప్పుడల్లా ఆ అరుపు ప్రపంచమంతా వింటోంది. ఫలితం వచ్చింది కాబట్టి ఇది పాఠమైంది. రాకపోయి ఉంటే దీన్ని ఏమని పిలిచేవాళ్లం? నా భయం గోపీచంద్ గురించి కాదు. ఈ కథ విని, రేపు ఏ జిల్లా హాస్టల్లోనో ఒక డ్రిల్లు మాస్టారు పిల్లను నలుగురిలో ఏడిపించి ‘గోపీచంద్ కూడా ఇంతే కదా’ అంటాడే, అతని గురించి. తెల్లవారుజామున పిల్లకంటే ముందు లేచి వెళ్లడం అతను నేర్చుకోడు. ఆ పిల్ల ఐస్‌క్రీం మానినప్పుడు తానూ మానడు. అరవమనడం ఒక్కటే నేర్చుకుంటాడు, అది సులువు గనక.

బ్యాడ్మింటన్‌లో కోచ్ మాటకి కొలత ఉంది. పదకొండు పాయింట్ల దగ్గర అరవై సెకన్ల విరామం, గేమ్‌కీ గేమ్‌కీ మధ్య రెండు నిమిషాలు. అందులో చెమట తుడుచుకోవడం, నీళ్లు తాగడం పోను మిగిలేదెంత? ఒక్క సంగతి చెప్పగలరు. నెట్ దగ్గరికి రావద్దనో, బ్యాక్‌హ్యాండ్ వైపు ఆడమనో. షటిల్ గాల్లో ఉన్నంతసేపూ నోరు మెదపకూడదు. ఈ నిబంధన ఇళ్లలో తండ్రులకూ పెడితే ఎంత బాగుండును అనిపిస్తుంది నాకు.

గోపీచంద్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది సైనా నెహ్వాల్ విషయం. 2012 లండన్‌లో ఆయన దగ్గర ఉండగా కాంస్యం గెలిచిన సైనా, 2014లో బెంగళూరు వెళ్లి విమల్ కుమార్ దగ్గర చేరింది. అక్కడ ప్రపంచ నంబర్ వన్ కూడా అయింది. చెయ్యిపట్టి నేర్పిన కోచ్‌కి ఇది మింగుడుపడే సంగతి కాదు. 2017లో ఆమె తిరిగి వస్తానంటే అకాడమీ తలుపు తెరిచే ఉంది. వెళ్లిపోయిన శిష్యుల పేరు కూడా ఎత్తనివ్వని గురువులను సంగీతంలో, సినిమాల్లో, రాజకీయాల్లో కావలసినంతమందిని చూశాం.

తిరిగొచ్చిన మరుసటి ఏడాది, 2018 గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ క్రీడల ఫైనల్లో సైనా, సింధు ఎదురెదురుగా నిలబడ్డారు. ఇద్దరూ ఒకే గూటి పిల్లలు. మనవాళ్లూ మనవాళ్లూ ఆడుతుంటే కోచ్‌లు సాధారణంగా ఎవరి వెనకా కూర్చోరు. 21-18, 23-21తో సైనా గెలిచింది. కోచ్‌లు లేని లోటు మా ఇంట్లో టీవీ ముందు మాత్రం లేదు. బాబాయి సింధుకి కోచ్, పిన్ని సైనాకి. జన్మలో ర్యాకెట్ పట్టి ఎరగని ఆ ఇద్దరూ అరవై సెకన్ల విరామంలో కూడా ఆగకుండా సూచనలిస్తూనే ఉన్నారు.