పంటు మీద సీమవాడు

అనంతపురంలో సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. పెన్నా ఎప్పుడో ఒకసారి పారుతుంది, మిగతా కాలమంతా ఇసుకే. అలాంటి చోట పెరిగినవాణ్ణి నరసాపురం రేవులో పంటు ఎక్కితే నీళ్ల కంటే ముందు జనాన్నే చూశాను. మోటారు సైకిళ్లు, కొబ్బరికాయల బస్తాలు, చంకన పిల్లలు. వశిష్ఠ గోదావరిని వీళ్లు రోడ్డు దాటినంత మామూలుగా దాటేస్తున్నారు! అవతలి ఒడ్డు సఖినేటిపల్లి. అక్కణ్ణుంచి కోనసీమ, గోదావరి పాయలకూ సముద్రానికీ మధ్య లంక.

రేవు చూడ్డానికి సాదాగా ఉంటుంది గానీ, 17వ శతాబ్దంలో తెల్లవాళ్లు ఇక్కడే ఓడలు కట్టించుకున్నారు. పక్కనున్న మాధవాయిపాలెం పేరే మడపోలం బట్టగా దేశాలు తిరిగింది.

అంతర్వేదిలో నది సముద్రంలో కలుస్తుంది. కొలువున్నది మా కదిరిలో లాగే లక్ష్మీనరసింహుడు. ఆయనకు అక్కడ ఎండ, ఇక్కడ ఉప్పుగాలి.

టీకొట్టు దగ్గర ఒక పెద్దాయన, "మీకు బోరు ఎంత లోతులో పడుతుందండీ?" అని అడిగాడు. చెబితే నమ్మలేదు. తీరం వెంబడి వీళ్ల బోర్లలో నీళ్లు పైనే పడతాయి, ఉప్పగా. తాగేవి వేరే తెచ్చుకోవాలి. ఇద్దరి కష్టమూ ఒకటే అనుకుంటే పొరపాటు. వీళ్లకు 1852 నుంచీ ధవళేశ్వరం ఆనకట్ట ఉంది. మాది తుంగభద్ర ఎగువ కాలువ, చివరి మడికి వచ్చేదాకా దాన్ని ఎవరూ నమ్మరు.